అమ్మానాన్నలకు చికాగో చూపించడం ఎలా? (బీన్ దగ్గర ఫొటో దిగి వచ్చేయకుండా)

ఏప్రిల్ ఆఖరుకొచ్చేసరికి నాకు ఒకే రకం మెసేజీలు మొదలవుతాయి. "అన్నా, అమ్మానాన్నలకు వీసా వచ్చింది, మేలో దిగుతున్నారు. చికాగో ఒక్క రోజులో తిప్పాలంటే ఏమేం చూపించాలి?" అడిగేవాళ్ళంతా చికాగో శివార్లలోని నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ వైపు వాళ్ళే. నేను నోరు విప్పేలోపే వాళ్ళ దగ్గర ఒక లిస్టు ఉంటుంది: బీన్ (గింజ ఆకారంలో అద్దంలా మెరిసే ఉక్కు శిల్పం), విల్లిస్ టవర్ మీద గాజు పెట్టె, నేవీ పియర్, బోటు. సాయంత్రానికి పెద్దవాళ్ళ కాళ్ళు వాస్తాయి, ఫోనులో రెండొందల ఫొటోలు చేరతాయి. వారం తర్వాత ఏం చూశారని అడిగితే "పెద్ద పెద్ద బిల్డింగులు" అంటారు.

మొదటిసారి నేనూ అదే చేశాను. ఆ తర్వాత మూడు నాలుగు విడతలు ఇంట్లోవాళ్ళనీ బంధువుల్నీ తిప్పాక ఒక పద్ధతి కుదిరింది. అదే ఇక్కడ రాస్తున్నాను, ఇకనుంచి ఎవరడిగినా లింకు పంపేస్తే సరిపోతుందని.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. చికాగోలో చరిత్ర వెతుక్కుంటూ వెళ్తే సగం చోట్ల కంటికి ఏమీ కనిపించదు. 1871 అక్టోబరులో ఊరి నడిబొడ్డు తగలబడిపోయింది. ఆ తర్వాత కట్టినవాటిలోనూ చాలావాటిని వాళ్ళే కూలగొట్టి అంతకన్నా ఎత్తువి కట్టుకున్నారు. గోల్కొండకో లేపాక్షికో వెళ్తే రాయే కళ్ళెదుట నిలబడి మాట్లాడుతుంది. ఇక్కడ రాయి ఉండదు, కథ మీరే మోసుకెళ్ళాలి. అది లేకుండా బయల్దేరితే మిగతా ఏర్పాట్లు ఎంత బాగా చేసినా దండగే.

కావలసినవి

- ఒక పూర్తి రోజు, ఇంకో అర రోజు. పెద్దవాళ్ళతో రోజుకు ఐదారు చోట్లకు మించి పెట్టుకోకండి.
- ఫోనులో వెంట్రా యాప్. శివార్ల నుంచి వచ్చే మెట్రా రైలు టికెట్టూ, ఊళ్ళో బస్సు, ఎల్ రైలు పాసులూ అందులోనే దొరుకుతాయి.
- బూట్లు. సాక్సు మీద చెప్పులేసుకుని వస్తానని అమ్మ అంటుంది. ఒప్పుకోకండి.
- గాలిని ఆపే జాకెట్, జూన్ అయినా సరే. మిషిగన్ సరస్సు వైపు నుంచి వచ్చే గాలికి మన శాలువా ఆగదు.
- పులిహోర డబ్బా, నీళ్ళ సీసా. మిలీనియం పార్కులో కూర్చుని తినొచ్చు.
- ఒక తెల్ల కాగితం. ఒక్కో చోటు గురించి నాలుగు వాక్యాలు తెలుగులో రాసుకోండి. అక్కడికెళ్ళాక ఫోను తీసి వికీపీడియా చదువుతుంటే వాళ్ళ దృష్టి ఐస్‌క్రీం బండి మీదికి పోతుంది.

1. ముందు వాళ్ళకు దేనితో బంధముందో కనిపెట్టండి

"ఏం చూస్తారు?" అని అడక్కండి. "నీ ఇష్టం" అంటారు, అక్కడితో అయిపోతుంది. వాళ్ళ జీవితంలోంచి పట్టుకోండి. యూనియన్లో తిరిగిన మనిషైతే హేమార్కెట్. రామకృష్ణ మఠం పుస్తకాలు చదివినవాళ్ళైతే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. సివిల్ ఇంజనీరైతే లసాల్ వీధి. టీచరైతే పాత లైబ్రరీ, హల్ హౌస్. ఫిజిక్స్ లెక్చరరైతే చికాగో యూనివర్సిటీ. ఎందుకో ఒక్కోదాని కథా కింద వస్తుంది.

మా నాన్న ముప్పై ఏళ్ళు యూనియన్ మనిషి. ఊరేగింపులు, జెండాలు, ప్రతి మే ఒకటిన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా. ఆయన్ని మొదటి ట్రిప్పులో విల్లిస్ టవర్ 103వ అంతస్తు ఎక్కించి గాజు మీద నిలబెట్టాను. దిగాక ఆయన అన్నదొక్కటే: "మేడే ఇక్కడే కదరా మొదలైంది, అదెక్కడ?" నేనున్న చోటుకి ఒక మైలు దూరంలోనే ఉంది. నాకు తెలీదు. అప్పట్నుంచి ఈ మెట్టు ఎవరికీ వదిలిపెట్టనివ్వను.

2. మీ లిస్టును మూడు ముక్కలు చేయండి

ప్రతి చోటు పక్కనా ఈ మూడింటిలో ఒకటి రాసుకోండి.

నిలబడి ఉన్నది: వాటర్ టవర్ (1869), రూకరీ భవనం (1888), పాత పబ్లిక్ లైబ్రరీ (1897, ఇప్పుడు కల్చరల్ సెంటర్). వీటికి పావుగంట నుంచి గంట ఇవ్వండి.

గుర్తు మాత్రమే ఉన్నది: పాత సైనిక కోట ఫోర్ట్ డియర్‌బార్న్, హేమార్కెట్, 1871 మంటలు మొదలైన ఓలీరీ పశువుల పాక. ఇక్కడ ఇత్తడి బద్దో, శిల్పమో, పలకో ఉంటుంది. కథ చెప్పగలిగితేనే వెళ్ళండి. పది నిమిషాలు చాలు.

ఏమీ లేనిది: 1929లో వాలెంటైన్స్ రోజున క్లార్క్ వీధి గరాజులో ఏడుగుర్ని కాల్చేసిన చోటు లాంటివి. ఆ గరాజును 1967లో కూల్చేశారు, ఇప్పుడక్కడ గడ్డి. గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ పేరు చెప్పి పిల్లలు పట్టుపడతారు కానీ, పెద్దవాళ్ళను అంత దూరం లాక్కెళ్ళి గడ్డి చూపిస్తే మీకే మాటొస్తుంది.

3. అడ్రసు చదవడం నేర్చుకోండి

ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. ఐదు నిమిషాలు పెట్టి ఇది అర్థం చేసుకుంటే జీపీఎస్ చచ్చిపోయినా తిరగగలరు.

స్టేట్ వీధి, మాడిసన్ వీధి కలిసే మూల ఈ ఊరికి సున్నా. అక్కణ్ణుంచి నాలుగు దిక్కులకూ నంబర్లు పెరుగుతాయి. ఇంటి నంబరు పక్కన ఎన్ అంటే ఉత్తరం, ఎస్ దక్షిణం, డబ్ల్యూ పడమర, ఈ తూర్పు. ఎనిమిది వందల నంబర్లకు ఒక మైలు. దక్షిణం వైపు మొదటి మూడు మైళ్ళు మాత్రం ఈ లెక్కకు లొంగవు. అక్కడ మైలుకో చోట 1200, 2200, 3100 వస్తాయి, ఆ తర్వాత మళ్ళీ ఎనిమిది వందల లెక్కే. ఉదాహరణకు, నల్లజాతివాళ్ళను మూక కట్టి చంపే దురాగతాల మీద జీవితమంతా రాసి పోరాడిన పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ ఇల్లు 3624 సౌత్ కింగ్ డ్రైవ్. 3100కి మూడు మైళ్ళు, మిగిలిన ఐదొందల చిల్లరకు ఇంకో అర మైలు పైన. అంటే నడిబొడ్డు నుంచి మూడున్నర మైళ్ళు దాటుతుంది, నడిచే దూరం కాదు. ఆ ఇంట్లో మనుషులు కాపురముంటున్నారు కాబట్టి ఫుట్‌పాత్ మీద నుంచే చూడాలి, గేటు తీయకూడదు.

మూడు హెచ్చరికలు.

పాత పుస్తకాల్లోని నంబర్లు ఇప్పటివి కావు. 1909లో ఊరి నంబర్లు మార్చారు, నడిబొడ్డున 1911లో. ఓలీరీ వాళ్ళ పాక 137 డికోవెన్ వీధి అని చదువుతారు. ఆ చోటు ఇప్పుడు 558 వెస్ట్ డికోవెన్, ఫైర్ డిపార్ట్‌మెంట్ ట్రైనింగ్ అకాడమీ. మంట మొదలైన చోటే మంటలార్పడం నేర్పుతున్నారు! వివేకానందుడికి ఆశ్రయమిచ్చిన హేల్ దంపతుల ఇల్లు 541 డియర్‌బార్న్ అవెన్యూ అని ఆయన జీవిత చరిత్రల్లో ఉంటుంది. అదీ పాత నంబరే. ఇప్పటి 541 నార్త్ డియర్‌బార్న్ ముందు నిలబడి దండం పెట్టుకుంటే వేరేవాళ్ళ గోడకు పెట్టినట్టే. ఆ ఇల్లుండేది ఇంకా బాగా ఉత్తరాన, లింకన్ పార్కు చేరువలో.

వీధి బోర్డుల్లో ఆకుపచ్చవే అసలు పేర్లు. గోధుమ రంగు బోర్డుల మీద ఉండేవి గౌరవార్థం పెట్టినవి. మిషిగన్ అవెన్యూలో కొంత భాగానికి స్వామి వివేకానంద వే అనీ, డెవాన్ అవెన్యూలో కొంత భాగానికి గాంధీ మార్గ్ అనీ గోధుమ రంగు బోర్డులే ఉంటాయి. ఆ పేరు చెప్పి ట్యాక్సీ పిలవకండి.

వాకర్ డ్రైవ్ కింద ఇంకో వాకర్ డ్రైవ్ ఉంటుంది, మిషిగన్ అవెన్యూకి కూడా నది దగ్గర పై రోడ్డు, కింది రోడ్డు ఉన్నాయి. కింది దాంట్లోకి దిగితే ఫోనుకు సిగ్నల్ అందక నీలం చుక్క ఎటో పోతుంది. మొదటిసారైతే కారు ఇంటి దగ్గరే వదిలి రైల్లో రండి.

4. రోజు ఎంచుకోవడం

ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మంగళ, బుధవారాలు మూత. రూకరీ భవనం లాబీ ఆఫీసులు నడిచే రోజుల్లోనే తెరిచి ఉంటుంది, శని ఆదివారాలు కుదరదు. రెండూ కలిసేది సోమ, గురు, శుక్రవారాలే. సెలవు పెట్టాల్సొస్తే వీటిలో ఒకటి పెట్టండి. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందు రోజు రాత్రి రెండింటి వెబ్‌సైట్లూ ఒకసారి చూసుకోండి. నేను అత్తయ్యగారినీ మామయ్యగారినీ మంగళవారం తీసుకెళ్ళి మూసిన తలుపుల ముందు కంచు సింహాలతో ఫొటోలు తీయించి వెనక్కి తెచ్చిన ఘనుణ్ణి.

ఫ్రీ డే అని చూసి సంబరపడకండి. ఆ ఉచితం ఇల్లినాయ్ వాసులకు, చిరునామా ఉన్న ఐడీ చూపాలి. మీకు పనికొస్తుంది, ఇండియా పాస్‌పోర్టుకు పనికిరాదు.

5. మొదటి రోజు: ఆడమ్స్ వీధి వెంట ఒకటే నడక

మెట్రా దిగేది యూనియన్ స్టేషన్లో (1925). బయటికి పరిగెత్తకుండా గ్రేట్ హాలులో చెక్క బల్లల మీద పది నిమిషాలు కూర్చోండి, బాత్రూము పని కూడా ఇక్కడే ముగించండి. తర్వాత ఆడమ్స్ వీధి పట్టుకుని తూర్పుకు, నది దాటి నడవండి. సరస్సు వైపు తిన్నగా వెళ్ళడమే, ముప్పావు మైలు పైన ఉంటుంది. పెద్దవాళ్ళ నడకకు అరగంట, మధ్యలో ఆగేవి వేరే.

(అ) విల్లిస్ టవర్. పైకి ఎక్కకపోయినా నష్టం లేదు. క్యూ, టికెట్టు కలిపి సగం రోజు తినేస్తుంది. ఎదుటి ఫుట్‌పాత్ మీద ఆగి తలెత్తి చూపించండి. 1973లో పై కొసదాకా లేచింది, 110 అంతస్తులు, 442 మీటర్లు. పాతికేళ్ళు ప్రపంచంలో దీన్ని మించింది లేదు. దీన్ని నిలబెట్టే లెక్క కట్టిన ఇంజనీరు ఫజ్లూర్ రెహమాన్ ఖాన్, 1929లో ఢాకాలో పుట్టాడు. ఆయన ఆలోచన మనవాళ్ళకు చెప్పడం చాలా తేలిక: సంక్రాంతికి చెరకు గడలు కట్ట కడతాం చూడండి, ఒక్క గడ గాలికి ఊగుతుంది, కట్ట ఊగదు. ఇక్కడ తొమ్మిది చదరపు గొట్టాలు కట్ట. రెండు 50వ అంతస్తు దగ్గర ఆగిపోతాయి, రెండు 66 దగ్గర, మూడు 90 దగ్గర. చివరిదాకా వెళ్ళేవి రెండే. వేలు పెట్టి లెక్కపెట్టించండి. ఒక్క పక్క నుంచి తొమ్మిదీ కనపడవు, మూల మీదికి వెళ్తే బాగా తెలుస్తుంది. రిటైర్డ్ ఇంజనీర్లు ఇక్కణ్ణుంచి కదలరు, ఆ టైము కలుపుకోండి.

(ఆ) లసాల్ వీధి మూల. ఆడమ్స్, లసాల్ కలిసే చోట రెండు కథలున్నాయి. ఈశాన్య మూలలో 1885లో పది అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనం లేచింది. విలియం లె బారన్ జెన్నీ అనే ఆయన బరువును గోడల మీద కాకుండా లోపలి ఇనుప చట్రం మీద ఎక్కువగా మోపాడు. మొదటి ఆకాశహర్మ్యం అని చాలామంది చెప్పేది దాన్నే. 1931లో కూల్చేశారు, అక్కడిప్పుడు వేరే భవనం ఉంది. కాబట్టి "ఇదే మొదటి స్కైస్క్రేపర్" అని ఆ గోడకు ఫొటోలు తీయకండి.

ఆగ్నేయ మూలలో ఉన్నది రూకరీ. లోపలికి వెళ్ళండి, భయపడకండి, లాబీ దాకా రానిస్తారు. బర్న్‌హామ్, రూట్ అనే ఆర్కిటెక్టులు కట్టారు. 1905లో ఇంకో ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ లోపలి హాలును తెల్ల పాలరాయితో, బంగారు గీతలతో మార్చాడు. గాజు పైకప్పులోంచి వెలుగు నేల మీద పడుతుంది. మా అమ్మ మెట్ల కమ్మీ మీద చెయ్యేసి "ఇది ఆఫీసా, పెళ్ళి మండపమా" అంది. గుర్తుంచుకోవాల్సిన కథ మాత్రం ఇంకొకటి. మంటల్లో ఊరి లైబ్రరీలు కాలిపోయాక ఇంగ్లండు ప్రజలు ఎనిమిది వేల పుస్తకాలు పంపించారు. పెట్టడానికి చోటు లేదు. ఈ స్థలంలోనే మంటలకు తట్టుకుని మిగిలిన పెద్ద ఇనుప నీళ్ళ ట్యాంకు ఒకటుంటే, దాంట్లో అరలు కొట్టించి 1873 జనవరి 1న పబ్లిక్ లైబ్రరీ తెరిచారు. దాని చుట్టూ తాత్కాలికంగా సిటీ హాలు, నిండా పావురాలు. పక్షుల కొంప అనే అర్థమొచ్చే రూకరీ పేరు అలా పట్టుకుంది. ఈ లైబ్రరీ కథ మధ్యాహ్నానికి మళ్ళీ పనికొస్తుంది, మర్చిపోకండి.

(ఇ) ఆడమ్స్ చివర, మిషిగన్ అవెన్యూకి కాస్త ఇవతల, రూట్ 66 మొదలయ్యే బోర్డు. ఒక ఫొటో, పదండి.

(ఈ) ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. ఇక్కడ మనవాళ్ళు చేసినన్ని పొరపాట్లు ఇంకెక్కడా చేయరు, అందుకే కాస్త వివరంగా.

1893లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం, ఆ సందర్భంగా పెట్టిన సభల కోసం ఈ భవనం కట్టారు. సెప్టెంబరు 11న సర్వమత సభ మొదలైంది ఇందులోనే. "అమెరికా సోదరీ సోదరులారా" అన్న మాట పుట్టింది ఇక్కడే. ఈ కథను మన దగ్గర్నుంచి మొదలుపెట్టండి: అదే ఏడాది ఫిబ్రవరి 13న వివేకానందుడు సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో, తాను పశ్చిమ దేశాలకు ఎందుకు వెళ్తున్నాడో చెబుతూ ఉపన్యాసమిచ్చాడు. మే 31న బొంబాయిలో ఓడెక్కాడు. మహబూబ్ కాలేజీ గేటు ముందునుంచి వందసార్లు వెళ్ళిన మా మామయ్యగారు ఆ మాట విన్నాక మెట్ల మీద కూర్చుండిపోయారు.

పొరపాట్లు:

ఒకటి, ఇక్కడ వివేకానందుడి విగ్రహం కోసం వెతకడం. పెద్ద విగ్రహం చూడాలంటే లెమాంట్ గుడికి వెళ్ళాలి, అది నగరం బయట.

రెండు, ఫుల్లర్టన్ హాలే ఆ వేదిక అనుకోవడం. ప్రసంగం జరిగింది సభల కోసం తాత్కాలికంగా ఏర్పాటు చేసిన కొలంబస్ హాలులో, అది ఎప్పుడో తీసేశారు. దాదాపు ఆ చోటనే ఫుల్లర్టన్ హాలు ఉందని చెబుతారు కానీ, హాలు 1898 నాటిది. "ఈ గోడల మధ్య" అనకండి, "ఈ చోట" అనండి.

మూడు, మెట్ల మీద వెలిగే అక్షరాలతో ప్రసంగం ఉంటుందని ఫార్వర్డుల్లో చూసి గార్డును అడగడం. అది జితీశ్ కల్లాట్ అనే ముంబై కళాకారుడు చేసిన కళాకృతి, 2010లో మొదట ప్రదర్శించారు. ఎప్పుడూ ఉండేది కాదు. మీరు వెళ్ళే తేదీకి ఉందో లేదో ముందే చూసుకోండి.

నాలుగు, గుమ్మం ముందు కంచు సింహాల మధ్య నుంచి స్వామి నడిచి వెళ్ళాడని చెప్పడం. సింహాలను పెట్టింది 1894లో. ఆయన మాట్లాడేసరికి అవి లేవు.

టికెట్టు ఖరీదే. బొమ్మల మీద ఆసక్తి లేనివాళ్ళైతే మెట్ల మీద కథ చెప్పి, గోధుమ రంగు బోర్డు చూపించి ముందుకు సాగండి, తప్పేం లేదు. లోపలికి వెళ్తే పెద్ద బ్యాగులు చెక్‌రూములో పెట్టాలి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు వీల్‌చెయిర్ అక్కడే అడగండి, మొహమాటపడకండి.

(ఉ) భోజనం మిలీనియం పార్కులో. బీన్ కూడా ఇక్కడే, దాని అసలు పేరు క్లౌడ్ గేట్. చేసిన అనీశ్ కపూర్ బొంబాయిలో పుట్టినవాడే. 168 ఉక్కు పలకలు అతికించి అతుకు కనపడకుండా నునుపు చేశారు. అతుకు కనిపెట్టమని పిల్లలకు పందెం పెట్టి మీరు డబ్బా విప్పండి.

(ఊ) రోడ్డు దాటితే కల్చరల్ సెంటర్. ప్రవేశం ఉచితం, కుర్చీలున్నాయి, బాత్రూములున్నాయి, ఎండకూ చలికీ ఇదే దిక్కు. పొద్దున చెప్పిన నీళ్ళ ట్యాంకు లైబ్రరీ చివరికి చేరిన ఇల్లు ఇదే, 1897లో. వాషింగ్టన్ వీధి వైపు నుంచి లోపలికెళ్ళి పైకెక్కితే 38 అడుగుల అడ్డుకొలత ఉన్న టిఫనీ గాజు గుమ్మటం ఉంటుంది, దాదాపు ముప్పై వేల గాజు ముక్కలు. లిఫ్టు ఉంది కానీ దిగేటప్పుడైనా మెట్ల మీదుగా దిగండి, గోడల్లో పొదిగిన రంగు రాళ్ళు దగ్గర్నుంచి కనిపిస్తాయి.

6. ఓపిక మిగిలితే: నది, వాటర్ టవర్

మిషిగన్ అవెన్యూ మీద ఉత్తరానికి నడిస్తే నది, దాని మీద డుసాబుల్ వంతెన. ఇవతలి ఒడ్డున, వాకర్ డ్రైవ్ మూలలో, ఫుట్‌పాత్‌లో ఇత్తడి బద్దలు పొదిగి ఉంటాయి. 1803లో కట్టిన ఫోర్ట్ డియర్‌బార్న్ సరిహద్దు గీతలు అవి. అందరూ వాటిని తొక్కుకుంటూ పోతారు. తల దించుకుని వెతకండి, దొరికాక ఆ గీత మీద నిలబెట్టి ఫొటో తీయండి.

అవతలి ఒడ్డున జాన్ బాప్టిస్ట్ పాయింట్ డుసాబుల్ కంచు ప్రతిమ. 1780ల్లో ఇక్కడ ఇల్లు కట్టుకుని వ్యాపారం చేసిన నల్లజాతి మనిషి, భార్య కిటిహావా పొటావాటమీ తెగ ఆడపడుచు. అక్కడి తెగల తర్వాత ఈ చోట స్థిరంగా కాపురం పెట్టిన మొదటివాడు ఈయనే. 1800లో అమ్ముకుని వెళ్ళిపోయాడు. ఊరు మాత్రం ఆయన పేరును చాలాకాలం పక్కన పెట్టింది: వంతెనకు 2010లో, సరస్సు పక్క రోడ్డుకు 2021లో పెట్టారు.

అక్కణ్ణుంచి వాటర్ టవర్ అర మైలు. నడిపించకండి, 151 నంబరు బస్సెక్కండి. పసుపు ఛాయ సున్నపురాయి, 154 అడుగులు, చుట్టూ ఉన్న షాపుల మధ్య బొమ్మకొలువులో కోటలా ఉంటుంది. మంటలకు మూడొందల మంది దాకా చనిపోయి, లక్షమంది ఇళ్ళు పోగొట్టుకున్న ఆ దారిలో నిలిచిన అతి కొద్ది కట్టడాల్లో ఇదొకటి. ఆవు లాంతరును తన్నడం వల్లే మంట పుట్టిందన్న కథ మీవాళ్ళు ఎక్కడో విని ఉంటారు. దానికి రుజువు లేదు. 1997లో సిటీ కౌన్సిల్ ఓలీరీనీ, ఆవునూ నిర్దోషులుగా తీర్మానించింది కూడా. ఆవు తప్పేం లేదంటే మా అమ్మ ముఖం వెలిగిపోయింది.

7. రెండో రోజు: మూడింట్లో ఒక్కటే

మూడూ చుట్టేద్దామనుకుంటే కారులోనే రోజు గడుస్తుంది. మొదటి మెట్టులో తెలుసుకున్నదాన్ని బట్టి ఒకటి పట్టుకోండి.

పడమర: హేమార్కెట్, హల్ హౌస్. 1886 మే 4 రాత్రి, రోజుకు ఎనిమిది గంటలే పని ఉండాలని జరిగిన సభలో, పోలీసులు చెదరగొట్టడానికి వచ్చినప్పుడు బాంబు పడింది. ఎవరు విసిరారో తేలలేదు. ఎనిమిదిమందిని దోషులన్నారు, 1887 నవంబరు 11న నలుగుర్ని ఉరితీశారు. జైల్లో మిగిలిన ముగ్గుర్ని 1893లో గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ క్షమించి వదిలేశాడు, విచారణ న్యాయంగా జరగలేదని గట్టిగా రాసి మరీ. చేసే తప్పు: ర్యాండాల్ఫ్ వీధిలో హోటళ్ళ మధ్య వెతకడం. స్మారకం ఉన్నది డెస్‌ప్లెయిన్స్ వీధిలో, ర్యాండాల్ఫ్‌కు కాస్త ఉత్తరాన. 2004లో పెట్టిన ఎర్రమట్టి రంగు శిల్పం, వక్తలు ఎక్కి మాట్లాడిన బండి ఆకారంలో ఉంటుంది. చుట్టూ దిమ్మె మీద ప్రపంచంలోని యూనియన్లు పెట్టిన పలకలు. నాన్న వంగి ఒక్కో పలకా చేత్తో తుడుస్తూ చదివాడు, ఇరవై నిమిషాలు. పక్కన కుక్కను తిప్పుతున్న ఆవిడ "ఇదేంటి?" అని నన్నడిగింది. ఇక్కడ కార్మిక దినం సెప్టెంబరులో, మేడే ఎవరికీ పట్టదు. మే ఒకటిన వెళ్తే మాత్రం పూలు కనిపించవచ్చు. హల్ హౌస్ అక్కణ్ణుంచి కారులో పది నిమిషాలు: 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ వలస కార్మికుల కోసం తెరిచిన ఇల్లు. ఆడమ్స్‌కు 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. పదమూడు భవనాలుండేవి, యూనివర్సిటీ కోసం 1960ల్లో కూల్చగా రెండే మిగిలాయి. తెరిచే రోజులు తక్కువ, చూసుకుని వెళ్ళండి.

దక్షిణం: చికాగో యూనివర్సిటీ. 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మీ బృందం ఆటస్థలం గ్యాలరీ కింద గ్రాఫైట్ ఇటుకలు పేర్చి మొదటి అణు గొలుసుచర్య నడిపింది. ఆ గ్యాలరీ లేదు. ఎల్లిస్ అవెన్యూలో హెన్రీ మూర్ కంచు శిల్పం ఉంది, ఓ పక్క నుంచి పుర్రెలా, ఓ పక్క నుంచి పొగ మేఘంలా. చుట్టూ ఒకసారి తిరగాలి. నోబెల్ గ్రహీత సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1937 నుంచి పనిచేసింది ఈ యూనివర్సిటీకే. రైట్ కట్టిన రోబీ హౌస్ నడక దూరమే. 1893 ప్రదర్శన స్థలంలో మిగిలిన పెద్ద భవనం ఇప్పుడు సైన్స్ మ్యూజియం. పిల్లలుంటే ఈ రూటే మేలు.

ఉత్తరం: గ్రేస్‌లాండ్ శ్మశానం. నవ్వకండి. ఊరి ప్రముఖులంతా ఒకేచోట దొరికేది ఇక్కడే, పైగా ఉచితం, చెట్లు, నిశ్శబ్దం. ఊరికి ప్లాను గీసిన బర్న్‌హామ్ చెరువు మధ్య చిన్న దీవిలో. రైలు పెట్టెల కంపెనీ యజమాని పుల్‌మాన్‌ను, కోపంతో ఉన్న కార్మికులు శవాన్ని పెకలిస్తారన్న భయంతో ఇంటివాళ్ళు కాంక్రీటు, ఉక్కు పట్టాల కింద పెట్టించారు. మొన్న తలెత్తి చూసిన టవర్ కట్టిన ఫజ్లూర్ ఖాన్ కూడా ఇక్కడే. ఆఫీసులో మ్యాపు అడగండి, లేకపోతే దొరకవు. అయితే ఇంట్లోవాళ్ళను ముందే అడగండి. "శ్మశానం చూపించడానికా ఇంత దూరం తెచ్చావు" అని అత్తయ్యగారు కారు దిగలేదు. మామయ్యగారు, నేను చూసొచ్చాం. ఇంటికెళ్ళాక ఇద్దరం తలస్నానం చేశాకే వంటింట్లోకి రానిచ్చారు.

8. సరిగ్గా చూపించారా? ఇలా చెక్ చేసుకోండి

అక్కడున్నప్పుడే: ప్రతి చోటా పలకను కూడా ఫొటో తీయండి, ఒక్క మనుషుల్నే కాదు. పలక మీది ఏడాది మీ కాగితంలో రాసుకున్న ఏడాదికి సరిపోవాలి. తేడా ఉంటే, మీరు చూస్తున్నది మళ్ళీ కట్టిందో, పక్క భవనమో అయ్యుంటుంది. గుర్తు దొరక్కపోతే నంబరు, దిక్కు అక్షరం మళ్ళీ చూడండి. నా అనుభవంలో పదింట్లో ఏడుసార్లు ఎన్, ఎస్ తారుమారే.

ఇంటికొచ్చాక: రాత్రి ఇండియాకు వీడియో కాల్ చేస్తారు కదా, పక్క గదిలోంచి వినండి. "బిల్డింగులు" అన్న మాట ముందు వస్తే రేపు సగం లిస్టు కొట్టేసి కథలు ఎక్కువ చెప్పండి. మా ఇంట్లో ఆ రాత్రి నాన్న బాబాయితో బండి గురించి, పలకల గురించి అరగంట మాట్లాడాడు. పలకల మీద తెలుగు యూనియనేదైనా ఉందా అని బాబాయి అడిగాడట. కనపడలేదని చెప్పి, ఫోను పెట్టేశాక నా దగ్గరికొచ్చి, పలక పెట్టించాలంటే ఎవరికి ఉత్తరం రాయాలో కనుక్కోమన్నాడు.